రక్తం కారుతున్న పిల్లాడిని ఆపి, ఏడవని పాపను ముందు లోపలికి ఎందుకు పంపుతారు?

క్లుప్తంగా: పిల్లలకు దెబ్బ తగిలితే తల్లిదండ్రుల కళ్లకు కనిపించేవి రక్తం, ఏడుపు. ఆస్పత్రి చూసేవి ఊపిరి, ఒంటి రంగు, పిల్లల చురుకు. ఎమర్జెన్సీలో జరిగే వాదనల్లో సగానికి మూలం ఈ రెండు కొలతల మధ్య తేడాయే. అక్కడ ఎందుకు కూర్చోబెడతారు, అడిగిందే ఎందుకు అడుగుతారు, స్కాన్ ఎందుకు వద్దంటారు, అంతా అయిపోయి ఇంటికొచ్చాక కూడా నిద్ర ఎందుకు పట్టదు అన్నవి ఈ వ్యాసంలో.

రెండేళ్ల పిల్లాడు మంచం మీద గెంతుతూ పడి నుదురు చీల్చుకున్నాడు అనుకుందాం. ఎత్తుకొచ్చిన తండ్రి చొక్కా భుజం దగ్గర ఎర్రగా తడిసిపోయి ఉంటుంది, పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటాడు. నర్సు వచ్చి గాయం చూసి, గాయాలకు వాడే పల్చటి గాజ్ గుడ్డ మడత ఒకటి చేతికిచ్చి, పది నిమిషాలు వదలకుండా గట్టిగా అదిమి పట్టుకోమని చెప్పి కుర్చీ చూపిస్తుంది. ఆ పది నిమిషాలూ పూర్తికాకముందే ఇంకో తల్లి వస్తుంది. చేతుల్లో నాలుగు నెలల పాప. ఒంటి మీద గీత కూడా లేదు, ఏడుపు లేదు. ఆ పాపను మాత్రం కుర్చీ దాకా కూడా రానివ్వకుండా నేరుగా లోపలికి తీసుకెళ్లిపోతారు. తండ్రికి ఒళ్లు మండుతుంది, మండకపోతేనే ఆశ్చర్యం. అయినా ఆ నర్సు చేసింది సరైన పనే.

క్యూ కాని క్యూ

ఎమర్జెన్సీ గుమ్మంలో జరిగే ఈ ఏరివేతను ట్రయాజ్ అంటారు. ఏరడం, వేరు చేయడం అన్న అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. ఆఫీసరా, మామూలు సిపాయా అని చూడకుండా ఎవరి గాయం ప్రమాదకరంగా ఉంటే వాళ్లకు ముందు వైద్యం చేయాలన్న పద్ధతిని నెపోలియన్ సైన్యంలోని సర్జన్ డొమినిక్ జాన్ లారే పాటించాడు. ఇప్పుడు చాలాచోట్ల రోగులను 5 స్థాయిలుగా విడదీస్తారు. టికెట్ కౌంటర్ న్యాయం, అంటే ముందొచ్చినవాళ్లకు ముందు అన్నది, ఇక్కడ నడవదు.

పిల్లల విషయంలో గుమ్మంలోనే చూసేవి మూడు. పిల్లాడు ఎలా ఉన్నాడు, అంటే చుట్టూ చూస్తున్నాడా, తల్లిని గుర్తుపడుతున్నాడా, ఒళ్లు వేలాడేస్తున్నాడా. ఊపిరి ఎలా తీస్తున్నాడు. చర్మం రంగు ఎలా ఉంది. వీటికి స్టెతస్కోపు కూడా అక్కర్లేదు, నిమిషం లోపే తేలిపోతుంది. ఈ లెక్కలో చూస్తే గుక్కపట్టి ఏడ్చే పిల్లాడు చాలా మార్కులు కొట్టేసినట్టే. గాలి దారి తెరిచి ఉంది, ఊపిరితిత్తులు పనిచేస్తున్నాయి, కొత్త మనిషి ముట్టుకుంటే వద్దని తోసేసేంత తెలివి, బలం ఉన్నాయి. నుదుటి మీద, తల మీద చర్మానికి రక్తనాళాలు ఎక్కువ కాబట్టి చిన్న చీలికకే చొక్కా తడిసిపోతుంది, అదిమి పట్టుకుంటే చాలావరకు ఆగిపోతుంది కూడా. అవతల నాలుగు నెలల పాప మాత్రం డొక్కలు ఎగరేస్తోంది, ముక్కుపుటాలు అదురుతున్నాయి, పెదాలు పాలిపోయాయి, తల్లి పిలిచినా చూపు తిప్పడం లేదు. ఏడవడానికి ఆ పాప దగ్గర ఊపిరి మిగల్లేదు.

పసివాళ్లలో గాలి దారి ఎంత సన్నగా ఉంటుందో తెలిస్తే ఆ హడావిడి అర్థమవుతుంది. గొట్టం వ్యాసార్ధం సగమైతే అందులో గాలికి ఎదురయ్యే నిరోధం రెట్టింపు కాదు, 16 రెట్లు అవుతుంది. పెద్దవాళ్ల శ్వాసనాళంలో 1 మిల్లీమీటరు వాపు వస్తే గొంతు కాస్త బొంగురుపోతుందేమో. 4 మిల్లీమీటర్ల వెడల్పున్న పసిపాప నాళంలో చుట్టూ అదే వాపు వస్తే వెడల్పు సగమై, దారి ముప్పావు వంతు మూసుకున్నట్టే.

రక్తం సంగతీ అంతే. పిల్లల ఒంట్లో కిలోకు సుమారు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది, అంటే 10 కిలోల పిల్లాడికి మొత్తం 800, లీటరు కూడా లేదు. అందులో పావు వంతు దాకా పోయినా బీపీ మామూలుగానే కనిపించవచ్చు, ఎందుకంటే చిన్న ఒళ్లు రక్తనాళాలను బిగించి, గుండె వేగం పెంచి చాలాసేపు నెట్టుకొస్తుంది. తర్వాత బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే నర్సులు బీపీ మిషన్ కంటే ముందు వేలి కొసను నొక్కి వదిలి, తెల్లబడిన చోటికి రంగు ఎంతసేపటికి తిరిగొస్తుందో చూస్తారు. 2 సెకన్లలో రావాలి. పిల్లాడి చేయి పట్టుకుని ఊరికే ముద్దు చేస్తున్నారు అనుకునే క్షణంలో నిజానికి వాళ్లు చేసేది ఈ పరీక్షే.

ఒక మాట మాత్రం తల్లిదండ్రులకు ఎవరూ సరిగ్గా చెప్పరు. గుమ్మంలో ఇచ్చిన స్థాయి శాశ్వతం కాదు. కూర్చున్నచోటే పిల్లాడు వాంతి చేసుకున్నా, మత్తుగా జారిపోతున్నా, ఊపిరి మారినా మళ్లీ కౌంటర్ దగ్గరకు వెళ్లి చెప్పాలి. అది గొడవ చేయడం కిందికి రాదు.

అంత హడావిడిలో బరువు తూయడం ఏంటి?

దీని మీద కూడా చాలామంది విసుక్కుంటారు. పిల్లలకు దాదాపు ప్రతి మందూ కిలోల లెక్కన ఇస్తారు. పారాసిటమాల్‌నే తీసుకుంటే మామూలుగా కిలోకు 15 మిల్లీగ్రాములు. అంచనా తప్పితే డోసు తప్పుతుంది. తూచే వ్యవధి కూడా లేనప్పుడు వాడటానికి బ్రోస్‌లో టేప్ అని ఒక రంగుల పట్టీ ఉంది. పిల్లాడి పక్కన పరిచి పొడవు కొలిస్తే ఏ రంగు గడి వస్తుందో దాన్ని బట్టి బరువు అంచనా, మందుల డోసులు, గొట్టాల సైజులు అన్నీ అక్కడే రాసి ఉంటాయి. పిల్లల బరువు ఈమధ్య ఎంతుందో తెలిసిన తల్లిదండ్రులు ఆ గదిలో చాలా పనికొస్తారు.

వచ్చేదారిలో ఏమైనా తినిపించారా అన్న ప్రశ్న కూడా ఇలాంటిదే. విరిగిన ఎముక సరిచేయడానికో, కుట్లు వేయడానికో మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపులో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఏడుపు ఆపడానికి బిస్కెట్ ఇవ్వడం అందరూ చేసేదే, తప్పుపట్టాల్సిన పని కాదు, కానీ అడిగి ఇస్తే ఒక గంట ఎదురుచూపు తప్పవచ్చు.

పిల్లల ఒంటికి వేరే కొలతలు

పుట్టినప్పుడు తల మొత్తం పొడవులో నాలుగో వంతు. పెద్దయ్యేసరికి సుమారు ఎనిమిదో వంతు. పైభాగం బరువు కాబట్టే నడక నేర్చేవాళ్లు పడితే తలే ముందు తగులుతుంది, బకెట్‌లోకి వంగి చూసినవాళ్లు తలకిందులై మళ్లీ లేవలేరు. బకెట్‌లో ఉన్నది కొన్ని అంగుళాల నీళ్లే అయినా సరే, చప్పుడు కూడా ఉండదు.

ఎముకల్లో ఇంకో విచిత్రం ఉంది. పిల్లల ఎముక పచ్చి కొమ్మలాంటిది, వంచితే ఒకపక్క చీలి రెండోపక్క వంగి ఊరుకుంటుంది, డాక్టర్లు దాన్ని పచ్చికొమ్మ విరుపు అనే అర్థంలోనే పిలుస్తారు. ఎముక చివర ఎదుగుదల పలక అని మెత్తటి భాగం ఉంటుంది, అది చుట్టూ ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ల కంటే బలహీనం. కాబట్టి పెద్దవాళ్లకు బెణుకుతో పోయే దెబ్బకు పిల్లలకు ఎముక దెబ్బతినవచ్చు. బెణుకేలే, నాలుగు రోజుల్లో తగ్గుతుంది అని వదిలేయడం పిల్లల విషయంలో పనికిరానిది ఇందుకే.

అలాగని ప్రతిదీ భయపడాల్సిందీ కాదు. రోడ్డు దాటుతూ పిల్లాడు జారబోతే తల్లి చేయి పట్టి పైకి లాగింది. అంతే, ఆ క్షణం నుంచి పిల్లాడు ఆ చేయి కదపడు. ఒంటికి ఆనించి, అరచేయి లోపలికి తిప్పి వేలాడేసి ఉంచుతాడు, బొమ్మ ఇస్తే రెండో చేత్తో తీసుకుంటాడు. చేయి విరిచేశానని తల్లి వణికిపోతుంది. ఇది 1 నుంచి 4 ఏళ్ల వయసులో తరచూ కనిపించే మోచేయి జారడం. అక్కడి ఎముక తలను పట్టి ఉంచే కట్టు ఆ వయసులో వదులుగా ఉండి, లాగినప్పుడు తప్పుకుంటుంది. డాక్టర్ మోచేతిని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మణికట్టు పట్టి అరచేయి నేల వైపు వచ్చేలా తిప్పుతారు. చిన్న టిక్ వినిపిస్తుంది, ఒక్క అరుపు, అయిపోయింది. పావుగంటలో అదే చేత్తో బొమ్మ అందుకుంటాడు. ఎక్స్‌రే కూడా చాలాసార్లు అక్కర్లేదు. అయితే పడి దెబ్బ తగిలినా, వాపు ఉన్నా సంగతి వేరు, అప్పుడు ఎవరూ అలా తిప్పకూడదు.

తలకు దెబ్బ తగిలితే స్కాన్ తీయరెందుకు?

ఎక్కువ అపనమ్మకం పుట్టేది ఇక్కడే. బొప్పి కోడిగుడ్డంత ఉంది, పిల్లాడు ఒకసారి వాంతి చేసుకున్నాడు, అయినా డాక్టర్ స్కాన్ వద్దు, కొన్ని గంటలు ఇక్కడే కూర్చోండి అంటారు. నిర్లక్ష్యమా, ఖర్చు మిగుల్చుకోవడమా అని సందేహం.

2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన పెకార్న్ (పిల్లల ఎమర్జెన్సీ వైద్యం మీద పనిచేసే పరిశోధన బృందం) అధ్యయనం దీనికి ఆధారం. ఉత్తర అమెరికాలో 25 ఎమర్జెన్సీల్లో, తలకు దెబ్బ తగిలి స్పృహలోనే ఉన్న 42,412 మంది పిల్లలను గమనించారు. వాళ్లలో 35 శాతం మందికి సీటీ స్కాన్ తీశారు. మెదడుకు నిజంగా ప్రమాదకరమైన గాయం ఉన్నది 376 మందికి, అంటే 0.9 శాతం. మెదడు ఆపరేషన్ అవసరమైంది 60 మందికి. సీటీ అంటే రేడియేషన్, ఎదిగే కణాల మీద దాని ప్రభావం పెద్దవాళ్లకంటే ఎక్కువ, ఆ తర్వాత బతకాల్సిన ఏళ్లు కూడా ఎక్కువే. అందుకని ఎవరికి స్కాన్ లేకుండా ధైర్యంగా ఉండొచ్చో తేల్చే ప్రశ్నలు తయారుచేశారు. స్పృహ తప్పిందా, తీరు మారిందా, పుర్రె విరిగిన గుర్తులున్నాయా, ఎంత ఎత్తు నుంచి పడ్డాడు. రెండేళ్ల లోపువాళ్లకు సుమారు 90 సెంటీమీటర్లు, పైవాళ్లకు 1.5 మీటర్లు దాటితే పెద్ద పాటు కింద లెక్క. మంచం ఎంత ఎత్తు అని డాక్టర్ అడిగినప్పుడు ఊరికే మాటల కోసం అడగడం లేదన్నమాట.

మధ్యస్థంగా ఉన్నవాళ్లను గమనిస్తూ కూర్చోబెట్టడం కూడా వైద్యమే. గంటలు గడిచేకొద్దీ పిల్లాడు తేరుకుంటే స్కాన్ అవసరం తప్పుతుంది, దిగజారితే వెంటనే తీస్తారు. బొప్పి సైజు ఒక్కటే ఏమీ చెప్పదు, కానీ రెండేళ్ల లోపు పిల్లలకు నుదుటి మీద కాకుండా పక్కన, వెనక మెత్తగా ఉబ్బితే పట్టించుకుంటారు. నిద్రపోనివ్వకూడదు అన్న పాత మాటకు అంత బలం లేదు. అలసిన పిల్లాడు నిద్రపోతాడు, లేపితే మామూలుగా లేవాలి, అదీ చూడాల్సింది. మాటిమాటికీ వాంతులు, మూర్ఛ, లేపినా సరిగ్గా లేవకపోవడం, నడకలో తూలడం ఉంటే మళ్లీ వెంటనే ఆస్పత్రికే.

ముగ్గురు అడిగిన ఒకే ప్రశ్న

ఎలా జరిగింది? గుమ్మంలో నర్సు అడుగుతుంది, లోపల జూనియర్ డాక్టర్ అడుగుతాడు, తర్వాత పెద్ద డాక్టర్ వచ్చి మళ్లీ మొదటి నుంచి. మూడోసారికి తల్లికి నన్ను అనుమానిస్తున్నారా అనిపిస్తుంది. నిజం చెప్పాలంటే కొంత అవును, కానీ ఆమెను ప్రత్యేకంగా కాదు. పిల్లలను కొట్టే ఇళ్లూ ఉంటాయి, ఆ పిల్లలు నోరు విప్పలేరు, వాళ్లను పట్టుకోగలిగే చోట్లలో ఎమర్జెన్సీ ఒకటి. అందుకని చెప్పిన కథకు, గాయానికి, పిల్లాడి వయసుకు పొంతన ఉందా అని అందరి విషయంలోనూ చూస్తారు. ఇంకా పాకడం, పట్టుకుని నిలబడటం రాని పసిపాప ఒంటి మీద కమిలిన మచ్చ ఉంటే అది అరుదు, అడగాల్సిందే. పరుగెత్తే వయసు పిల్లల మోకాళ్ల మీద అలాంటివి పది ఉన్నా ఎవరూ పట్టించుకోరు. మందంగా కండ ఉండే చోట్ల, చెవి మీద, మెడ మీద ఉంటే మళ్లీ ప్రశ్నలు మొదలు.

ఇందులో మనసు నొప్పించే గుణం ఉంది, కాదనలేం. అందరినీ అడుగుతాం, ఇది పద్ధతి అని ముందే ఒక్క వాక్యం చెప్తే సగం కోపం తగ్గుతుంది. చాలామంది ఆ వాక్యం చెప్పరు.

ఏడుపు లేని అసలు ప్రమాదం

రక్తం లేకుండా, ఏడుపు లేకుండా గంటల్లో ప్రాణం మీదికి తెచ్చే వస్తువు ఇంట్లో రిమోట్‌లో, తూకం మిషన్‌లో, వెలిగే బొమ్మలో ఉంటుంది. బటన్ బ్యాటరీ. 20 మిల్లీమీటర్ల లిథియం బిళ్ల పసివాళ్ల అన్నవాహికలో ఇరుక్కుంటే చుట్టూ ఉన్న తడి కండరంతో కరెంటు సర్క్యూట్ పూర్తవుతుంది, రుణ ధ్రువం దగ్గర క్షారం తయారై కండను కాల్చడం మొదలుపెడుతుంది. బ్యాటరీ కారనక్కర్లేదు, పగలనక్కర్లేదు. 2 గంటల్లోనే లోతైన గాయం కావచ్చు. పిల్లాడు కాస్త చొంగ కారుస్తాడు, అన్నం వద్దంటాడు, దగ్గుతాడు, జలుబు అనుకుంటారు. నాణెం మింగితే చాలాసార్లు అదే బయటికి పోతుంది కాబట్టి ఇదీ పోతుందిలే అనుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. ఎక్స్‌రేలో నాణెం ఒకే అంచుతో కనిపిస్తే బ్యాటరీ రెండు వలయాలుగా కనిపిస్తుంది, ఆ తేడా కోసమే అర్ధరాత్రైనా ఎక్స్‌రే తీస్తారు. మింగి 12 గంటలు దాటకపోతే, ఏడాది నిండిన పిల్లలకు, మింగగలిగే స్థితిలో ఉంటే, దారిలో పది నిమిషాలకోసారి 2 చెంచాల తేనె ఇవ్వమని విషచికిత్స నిపుణుల సూచన ఉంది. తేనె వెతుక్కుంటూ బయల్దేరడం ఆలస్యం చేయకూడదు. ఏడాది లోపువాళ్లకు అసలు ఇవ్వకూడదు.

ఒకటి కంటే ఎక్కువ అయస్కాంతాలు మింగినా అంతే. పేగుల రెండు మడతలకు అటూ ఇటూ ఉండి ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలో గోడను నలిపేస్తాయి.

ఇంటి దగ్గర చేసేవి కొన్ని మేలు కంటే కీడు చేస్తాయి. కాలితే టూత్‌పేస్ట్, ఐసు కాకుండా 20 నిమిషాలు కుళాయి కింద చల్లటి నీళ్లే. ఏదైనా తాగేస్తే కక్కించకూడదు, లోపలికి పోతూ కాల్చింది పైకొస్తూ మళ్లీ కాలుస్తుంది, ఆ సీసా వెంట తెచ్చుకుంటే చాలు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం వాంతి తెప్పించే ఇపెకాక్ సిరప్‌ను ఇళ్లలో ఉంచవద్దని 2003లోనే చెప్పేసింది. శాశ్వత పన్ను ఊడితే పాలలో వేసి గంటలోపు తీసుకెళ్తే మళ్లీ నిలబడే అవకాశం ఉంది, పాలపన్నైతే పెట్టరు.

ఏం కాదు, ఏం కాదు అంటే ఏమవుతుంది?

కుట్లు వేసేటప్పుడు తల్లిదండ్రులను పక్కనే ఉండనివ్వడం ఇప్పుడు మామూలైంది. కానీ అక్కడ ఏం మాట్లాడాలన్నది తిరకాసు. నొప్పి కలిగించే చికిత్సలప్పుడు పిల్లలను గమనించిన పరిశోధకులకు ఒక వింత కనిపించింది. ఏం కాదులే, అయిపోతుందిలే అని పెద్దవాళ్లు ఓదార్చే కొద్దీ పిల్లల బెదురు తగ్గకపోగా పెరుగుతున్నట్టు తేలింది. అమ్మ మామూలుగా అనని మాట అంటోంది, గొంతు కూడా మారింది, అంటే ఏదో జరగబోతోందని పిల్లాడు పసిగడతాడు. అదే సమయంలో బుడగలు ఊదించడం, కథ చెప్పడం, ఫోన్‌లో వీడియో చూపించడం పనిచేస్తాయి. నొప్పి పుట్టదు అని అబద్ధం చెప్తే ఆ ఒక్కసారికి గడుస్తుంది, తర్వాతి సూదికి నలుగురు పట్టుకోవాలి. గాయం మీద ముందుగా రాసే మత్తు జెల్ పనిచేయడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఎదురుచూపులో కొంత ఇందుకే.

జాగ్రత్తగా ఉంటే సరిపోతుందా?

ఏం చేస్తున్నావు అప్పుడు? ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఇదే, అదీ ఎక్కువగా తల్లినే. చూసుకోవడం ముఖ్యమే, కాదనడం లేదు. కానీ నిన్నటిదాకా బోర్లా పడని పాప ఇవాళ పడుతుంది, మంచం మీద నుంచి జారేది ఆ మొదటి రోజే. మనిషి కన్ను ఇరవైనాలుగు గంటలూ కాపలా కాయలేదన్నది ఒప్పుకుని మొదలుపెట్టిన చోట్లే ప్రమాదాలు తగ్గాయి. కెనడాలోని విండ్సర్‌లో ఆన్రీ బ్రో అనే పిల్లల డాక్టర్ మాత్రలు మింగి వచ్చే పసివాళ్లను చూసి చూసి విసిగి, 1967లో నొక్కి తిప్పితే తప్ప తెరుచుకోని మూత తెప్పించాడు. అమెరికా 1970లో అలాంటి మూతలకు చట్టమే చేసింది. న్యూయార్క్‌లో ఎత్తైన కిటికీల నుంచి పిల్లలు పడిపోతుంటే 1970ల మొదట్లో కిటికీ కమ్మీలు పంచారు, పడిపోవడాలు తగ్గాక 1976లో ఇళ్ల యజమానులకు తప్పనిసరి చేశారు. తల్లుల జాగ్రత్త ఆ ఏళ్లలో హఠాత్తుగా పెరిగి ఉండదు, కమ్మీలు వచ్చాయంతే. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2001లో యాక్సిడెంట్ అనే మాటనే వాడొద్దనుకుంది, ఊహించలేనిది, ఆపలేనిది అన్న అర్థం అందులో ఉందని. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం ఇలాంటి గాయాలతో ఏటా సుమారు 8,30,000 మంది పిల్లలు చనిపోయేవారు. వాటిలో ఎన్నో ఆపగలిగినవేనని అదే నివేదిక చెప్పింది.

ఇంటికొచ్చాక

కుట్లు ఐదు రోజుల్లో తీసేస్తారు. తల్లిదండ్రుల తలలో మాత్రం ఆ దృశ్యం తిరుగుతూనే ఉంటుంది. ముందే చూసుకోవాల్సింది, మంచం పక్కన దిండు వేయాల్సింది. జరిగిపోయాక చూస్తే అన్నీ ముందే తెలిసి ఉండాల్సినట్టు కనిపించడం మనసు చేసే మాయ, మనస్తత్వ శాస్త్రవేత్త బారూక్ ఫిష్‌హాఫ్ 1975లోనే ప్రయోగాలు చేసి చూపించాడు. ఫలితం తెలిసినవాళ్లు, మేమైతే ముందే ఊహించేవాళ్లం అంటారు, నిజానికి ఊహించరు.

గాయం ఎంత పెద్దదో, తల్లిదండ్రుల మీద దాని ముద్ర అంతే ఉండాలని లేదు. పిల్లాడు పోతాడేమో అని ఒక్క క్షణం గట్టిగా అనిపించినవాళ్లలో, గాయం చిన్నదే అయినా, ఆ ముద్ర లోతుగా ఉంటోందని పరిశోధనలు చెబుతున్నాయి. రాత్రి లేచి ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం, ఆ గదిలోకి వెళ్తే గుండె దడ, పిల్లాడిని మంచం ఎక్కనివ్వకపోవడం మొదటి వారాల్లో మామూలే, చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే, ఇంటి పనులు కూడా నడవకపోతే డాక్టర్‌కు చెప్పాలి. పిల్లాడిని చూపించడానికి వెళ్లినప్పుడు తన సంగతి కూడా అడిగే తల్లి అరుదు, తండ్రి ఇంకా అరుదు.

పిల్లల దారి వేరు. కొన్నాళ్లు అతుక్కుని తిరుగుతారు, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. ఆ తర్వాత ఆటల్లోకి వస్తుంది. నాలుగేళ్ల పిల్ల బొమ్మను మంచం మీద నుంచి తోసేసి, నుదుటికి గుడ్డ కట్టి, ఎత్తుకుని పరుగెత్తుతుంది. ఇలా వారం రోజులు ఆడితే కంగారు పడాల్సింది లేదు, జరిగినదాన్ని వాళ్లు సర్దుకునే తీరు అదే. పక్కన వాళ్లమ్మకు గుండె దడ. ఆ పిల్ల మాత్రం ఆటలో నర్సయిపోయి అమ్మకు గుడ్డ అందించి, గట్టిగా పట్టుకో అని చెప్పి, కుర్చీ చూపిస్తుంది.